శ్రీకంఠప్ప ఇళ్లు: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

హిందూపురం వెళ్లొచ్చానని చెప్పగానే మా తెనాలిలో ప్రతివాళ్లూ అడిగిన మాట ఒకటే: "అక్కడ ఏ దేవుడు?" కాస్త తెలిసినవాళ్లు, లేపాక్షి బసవన్నను చూసి వచ్చి ఉంటానని వాళ్లే తీర్మానించేసుకున్నారు. లేపాక్షి చూడలేదు. తొమ్మిది మైళ్ల దూరంలో మూడు రోజులు మసలి కూడా చూడలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నేను వెళ్లింది ఇళ్లు చూడటానికి. రాజులు కట్టించినవి కావు, పాడుపడినవీ కావు. ఈ పది పన్నెండేళ్లలో కట్టినవి, లోపల మనుషులు కాపురం చేస్తున్నవి.

ఒక కంట్రాక్టరు గారి దగ్గర పన్నెండేళ్లు ఇళ్ల ప్లాన్లు గీశాను. పోయిన ఫాల్గుణంలో ఆ పని మానేశాను. ఉగాది వెళ్లగానే ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరడానికి మాట అయిపోయింది. మధ్యలో పది రోజులు ఖాళీ దొరికింది.

మా కంట్రాక్టరు గారు తెప్పించే ఇంగ్లీషు మాసపత్రికలో రెండేళ్ల కిందట అగ్గిపెట్టెంత ఫొటో ఒకటి పడింది. ముందు భాగం గుండ్రంగా తిరిగిన రెండంతస్తుల ఇల్లు. కిటికీల మీద సన్నటి సిమెంటు పలకలు టోపీ అంచుల్లా ముందుకు వచ్చి ఉన్నాయి. కింద 'హిందూపురంలో ఒక వర్తకుని ఇల్లు, ఆర్కిటెక్టు శ్రీకంఠప్ప' అని ఒక్క పంక్తి. బొంబాయిలోనో ఢిల్లీలోనో అలాంటి ఇల్లు ఉందంటే పట్టించుకునేవాణ్ణి కాదు. మన ఎండల్లో, మనలాంటి మనుషులకు, తెలుగు నేల మీద ఒకడు దాన్ని కట్టాడంటే చూడాలనిపించింది. గీత పని పూర్తిగా వదిలేసే ముందు ఆ కోరిక కూడా తీర్చేసుకుందామని బండి ఎక్కాను.

మిద్దెల సీమ

ద్రోణాచలం వచ్చేసరికి ఇళ్ల రూపమే మారిపోయింది. మా వైపు ఇల్లంటే తాటాకో, బెంగళూరు పెంకో. ఏదైనా వాలుగా ఉండాల్సిందే. ఇక్కడ ఊరంతా నలుచదరపు పెట్టెలు. మట్టిగోడలు, చదునైన కప్పు, కప్పు మీద ఎండబెట్టిన మిరపకాయలు. విదేశాల కొత్త పద్ధతి ఇళ్లంటూ మా ఇంగ్లీషు పత్రికలో వేసే బొమ్మలకూ వీటికీ ఆకారంలో పెద్ద తేడా కనబడలేదు. వెల్ల వేస్తే చాలు.

గుంతకల్లులో బండి మారాను. నా ఎదుట గొర్రెలు అమ్ముకుని అనంతపురం వైపు వెళ్తున్న పెద్దాయన ఒకడు కూర్చున్నాడు. మూట విప్పి, నన్ను అడగకుండానే సజ్జరొట్టె సగం తుంచి, దాని మీద వేరుశనగ పచ్చడి పెట్టి చేతికిచ్చాడు. మా వైపు ముందు ఊరు, పేరు, కులం తెలుసుకుని ఆ తర్వాత తింటారా అని అడుగుతాం. ఇక్కడ వరస తలకిందులు. పచ్చడి కారానికి నా కళ్ల నీళ్లు చూసి ఆయన చెంబు కూడా ఇచ్చాడు.

"మీ ఇళ్ల మీద ఏం వేస్తారు పెద్దాయనా?" అని అడిగాను.

"చవుడు మన్ను. కట్టెలు పరిచి, మీద చవుడేసి తొక్కుతాం. మిద్దె అంటాం మేము."

"వాన పడితే కారదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మొదట వాన పడనీ అప్పా," అన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తర్వాత ఆయనే నెమ్మదిగా, "కారుతాది. ఇల్లన్యాక కారకుండా ఉంటాదా. కారిన తావు గుర్తు పెట్టుకొని, తెల్లారి మిద్దె ఎక్కి ఆడ ఇంత చవుడేసి తొక్కుతాం. మా నాయన తొక్కె, నేను తొక్కితి, ఇంగ నా కొడుకు తొక్కుతాండాడు," అన్నాడు.

అనంతపురంలో ఆయన దిగిపోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. దానికి నా కారణం నాకుంది. అది హిందూపురంలో చెప్పవలసి వచ్చింది కాబట్టి అక్కడే చెబుతాను.

హిందూపురం: రైలింజను ఇల్లు

స్టేషను బయటికి రాగానే ఊరంతా బెల్లం, చింతపండు కలిసిన వాసన. మండీల ముందు బండ్లు వరసగా దిగి ఉన్నాయి. కాఫీ హోటల్లో యజమాని ఒక బల్ల దగ్గర కన్నడం, పక్క బల్ల దగ్గర తెలుగు, మధ్యలో నిలబడినప్పుడు రెండూ మాట్లాడుతున్నాడు. దోసె పదిహేను నయాపైసలు. కాఫీ మాత్రం మా వైపు కంటే చిక్కన. బెంగళూరు దగ్గర కదా, ఇక్కడ కాఫీ పలుచగా ఇస్తే ఊరుకోరట.

'ఆర్కిటెక్టు శ్రీకంఠప్ప గారు' అని అడిగితే ఎవరికీ తెలియలేదు. ఆ మాటే వాళ్లు వినలేదు. చివరికి ఫొటో ముక్క తీసి చూపించాను.

"ఓ, రైలింజను ఇల్లా," అన్నాడు హోటలాయన. "దానికి ఇంత పేరు ఏంటికప్పా. బెల్లం మండీ శెట్టిది. బజారు చివర ఎడం పక్కకి తిరుగు. నువ్వు చూడకున్యా అదే నిన్ను చూస్తాది."

నిజంగానే అదే నన్ను చూసింది. పెంకుటిళ్లు, మిద్దెల మధ్య తెల్లటి రైలింజను ముందుకు వస్తున్నట్టు గుండ్రటి ముఖం, పైన నీళ్ల తొట్టి పొగగొట్టంలా. ఫొటోలో తెలియని సంగతి ఒకటి దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఆ గుండ్రటి ముఖం చుట్టూ, కింద, మోకాలెత్తున నున్నటి నల్లరాతి అరుగు తిరిగి ఉంది. దాని మీద ఇద్దరు ముసలివాళ్లు పులి-మేక ఆడుతున్నారు. పై అంతస్తు వాళ్ల మీదికి వచ్చి నీడ పట్టింది.

జేబులోంచి టేపు తీసి ఆ అరుగు ఎత్తు, సిమెంటు పలక పొడవు కొలిచి కాగితం మీద రాసుకుంటున్నాను. లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ముక్కున పెద్ద బేసరి.

"ఏమప్పా, పోయినేడే గదా పన్ను పెంచినారు. మళ్లా వచ్చి కొలుస్తాండావే," అంది.

నేను మునిసిపాలిటీ మనిషిని కాదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. పులి-మేక ఆటగాళ్లు కూడా ఆట ఆపి నా టేపు వైపు చూశారు. ఫొటో చూపించాను. తెనాలి నుంచి ఈ ఇంటి కోసమే వచ్చానంటే ఆవిడ ఆ ముక్కను ఎండకు పట్టి చూసి, "మా ఇల్లు ఇంత చిన్నగా ఏసినారా," అని నిట్టూర్చి, లోపలికి రమ్మంది. ఆవిడ పేరు రత్నమ్మ. శెట్టి గారి భార్య.

బయట ఎండ అప్పటికే చుర్రుమంటోంది. లోపల చల్లగా ఉంది. కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో మెట్లు పైకి వెళ్లే చోట కప్పు కింద చిన్న చిన్న కంతలు. వేడిగాలి ఆ మెట్ల దారినే పైకి పోతుంది. నేల మీద రంగురాళ్ల ముక్కలు పొదిగిన గచ్చు. నేను గోడలు తడుముతూ తిరుగుతుంటే రత్నమ్మ గారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లారు. ఆవిడకు చెప్పవలసిందంతా అక్కడే ఉంది.

"మొదట ఇంజనీరప్ప కాగితం తెచ్చి చూపించె. అరుగు లేదు. అరుగు లేని ఇంటికి ఎవురొస్తారప్పా, నాకొద్దు అంటి. పోయినాడు. వారానికి మళ్లా వచ్చినాడు, అరుగు ఇట్ల గుండ్రంగా తిప్పి. నిలబడి వండే కట్ట పెడతా అనె. నాకు రాదు, కూర్చోనే వండుతా అంటి. సరే అని రెండూ కట్టించె, ఒకటి నిలబడేదానికి, ఒకటి కూర్చునేదానికి. ఆర్నెల్లకు నేనే నిలబడి వండబడితి. ఆయప్ప ఒక్క మాట అనలే. ఇదిగో, కింద కట్ట మీద ఇప్పుడు పిల్లి పడుకుంటాది."

అప్పుడు అడిగాను, గొర్రెలాయనను అడిగిన ప్రశ్నే. కారిందా అని.

పదకొండు రోజులు

"కారకుండానా," అంది రత్నమ్మ. "మొదటి వానకే కారె. నట్టింట్లో బిందెలు పెడితిమి. మా ఇంటాయన మండీలో కూర్చోని ఊరందరి ముందర తిట్టె."

ఆవిడ అంత తేలిగ్గా చెప్పింది కాబట్టే నా సంగతి నా నోట్లోంచి వచ్చేసింది. నరసరావుపేటలో మా అక్కకు ఇల్లు కట్టినప్పుడు ప్లాను నేనే గీశాను. చదును కప్పు, సన్నటి పలకలు, అన్నీ పత్రికలో చూసినట్టే. మా మేనకోడలి ఓణీల పండుగనాడు, హాలు నిండా చుట్టాలుండగా, కప్పు నాలుగు చోట్ల కారింది. పట్టుచీరలు, పళ్లాలు, పెద్దలు అందరూ తడిశారు. బావగారు మర్నాడే రేకులు తెప్పించి కప్పు మీద కప్పించారు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నాలుగేళ్లయింది. నేనూ ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ రోజు నుంచి ఏ ఇంటికి గీత గీసినా చేతికి నమ్మకం లేదు.

రత్నమ్మ గారు ఇదంతా విని, ఓళిగ, అదే మన బొబ్బట్టు, దాని మీద నెయ్యి వేసి నా ముందు పెట్టారు. "మా ఇంజనీరప్పకు జాబు రాసిరి, ఇల్లు కారతాందని. పెట్టె, చాప ఎత్తుకొని వచ్చినాడు. ఇంగో వాన వచ్చే వరకు ఈడనే ఉంటా అనె. మా ఊర్లో వాన పిలిస్తే వస్తాదా? పదకొండు దినాలు ఉండె. పొద్దున మా ఇంటాయన తిట్లు, మధ్యాన్నం నా చేతి సంగటి. పదకొండో దినం సాయంత్రం వాన వచ్చె. ఆయప్ప సుద్దముక్క తీసుకొని, చుక్క పడిన తావులన్నీ నేల మీద గుండ్రాలు చుట్టె. అన్నీ చుట్టినంక మిద్దెకు పోయి వానలోనే కూర్చుండె."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. సిమెంటు ఎండకు పగులుతాది, సున్నం సాగుతాది అనె. సున్నం, ఇటిక ముక్కలు కలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి, ఇరవై మంది ఆడోళ్లు వారం దినాలు కట్టెలతో కొట్టిరి. పాటలు పాడుకుంటా కొట్టిరి. మా మండీ బెల్లం సగం మిద్దెకే పాయ. ఆ పొద్దు నుంచి చుక్క లేదు. తిట్టిన మా ఇంటాయనే ఇప్పుడు వచ్చినోళ్లందరినీ మిద్దె ఎక్కించి చూపిస్తాడు."

నన్నూ ఎక్కించారు. కప్పు చూడటానికి చదునుగా ఉంది. చెంబెడు నీళ్లు పోస్తే ఎక్కడా నిలవకుండా మూలనున్న రాతి తూముకు పోయాయి. కంటికి కనబడని వాలు అది. పన్నెండేళ్లు గీసినవాణ్ణి, నేను ఆ కప్పు మీద చాలాసేపు మోకాళ్ల మీద కూర్చున్నాను. నాకు తెలియనిది సున్నం కాదు. కారుతోందని తెలిశాక పెట్టె ఎత్తుకుని అక్కడికే వెళ్లవచ్చునన్న సంగతి.

శ్రీకంఠప్ప ఇప్పుడెక్కడ ఉన్నాడో రత్నమ్మ గారికి సరిగా తెలియదు. అగళి దగ్గర పల్లెటూరి మనిషట. బొంబాయిలో చదివి, బెంగళూరులో కొన్నాళ్లు పని చేసి, అక్కడ ఇమడలేక వచ్చేశాడట. పెనుకొండలో హకీం సాబుకు ఇల్లు కట్టాడనీ, ఆయన్ని అడగమనీ చెప్పి పంపారు.

పెనుకొండ: జాలీ వెనక

పెనుకొండలో కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుంటుంది. పాత కోటగోడలు కొండెక్కి ఎటో పోతాయి. దర్గా బజారులో హకీం ఖాదర్ సాబ్ ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఇది రైలింజనులా కేకవేసే ఇల్లు కాదు. సిమెంటు పర్మిట్టు దొరకనప్పుడు కట్టారట, అందుకని గోడలు కొండరాయి, కప్పు రాతిబండలు. వీధి వైపు మాత్రం గోడకు బదులు నిలువెత్తు సిమెంటు జాలీ. తామరాకుల్లా కంతలు. అంత బరువైన ఇంటికి అది ముఖం మీది పల్చటి మేలిముసుగులా ఉంది.

ఖాదర్ సాబ్ మందులు నూరుతూనే మాట్లాడాడు. నాడి చూడమని రాలేదనీ, ఇల్లు చూడటానికి వచ్చాననీ చెబితే, నూరడం ఆపి, "మా అమ్మీకి చెప్పాల. ఇల్లు ఆమెది," అన్నాడు. నేను వసారాలోనే బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి జాలీ వెనక నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. మనిషి కనబడలేదు.

"యా ఊరు బాబూ?"

"తెనాలి అమ్మా."

"చానా దూరం. నీళ్లు తాగినావా?"

తాగానని చెప్పాను. మా ఊళ్లో ఎవరైనా ఇల్లు చూడటానికి వస్తే ఎన్ని గదులు, ఎంత ఖర్చు అని చెబుతారు. ఆవిడ వేరే సంగతి చెప్పింది.

"ఇల్లు కట్టే ముందర ఆ ఇంజనీరు వచ్చి, ఇట్లనే నువ్వు కూర్చున్న తావులో కూర్చోని అడిగినాడు. 'అమ్మా, నువ్వు కూర్చునే తావు నుంచి నీకు ఏం కనపడాల?' అని. అరవై ఏండ్లు నాకు. నువ్వు ఎవురికీ కనపడకూడదు అని చెప్పినోళ్లే గాని, నీకేం కనపడాల అని అడిగినోళ్లు లేరు. నేను దినమంతా ఆలోచన చేసి చెప్తి. ఒకటి కొండ. ఇంగోటి, ఉర్సునాడు దర్గాకు గంధం పోయే బజారు."

"కనబడుతున్నాయా అమ్మా?"

"ఇప్పుడు నువ్వు చెప్పులు ఎడం చెప్పు కుడి పక్క, కుడి చెప్పు ఎడం పక్క ఇడిసినావు. అది గూడా కనపడతాండాది."

చూసుకుంటే నిజమే. ఖాదర్ సాబ్ నవ్వాడు. జాలీ వెనక కూడా నవ్వు వినబడింది. నేను లేచి బజారు అవతలికి నడిచి వెనక్కి తిరిగి చూశాను. జాలీలో నల్లటి కంతలు తప్ప ఏమీ కనబడలేదు. అక్కడ ఒకావిడ కూర్చుని ఊరినీ కొండనూ ఏలుకుంటోందని దారిన పోయేవాడికి తెలియదు. ఆ కంతల వెడల్పు, మందం కొలుచుకోవడానికి అడిగితే, లోపలి నుంచే "కొలుచుకో బాబూ" అని సెలవిచ్చింది. బయటి వైపు కంత సన్నం, లోపలి వైపు వెడల్పు. అంతే కిటుకు. అంతే అనడం తేలిక. మొదట ఆ ప్రశ్న అడగాలి కదా.

శ్రీకంఠప్ప సంగతి ఖాదర్ సాబ్ చెప్పాడు. "ధర్మవరంలో ఉండాడు. కీళ్లకు నా దగ్గరే తైలం తీసుకపోతాడు. కండ్లే బాగలేవు. సాలెవాళ్ల బజారులో ఓబులేసు అని అడుగు, ఆయనకు తాను కట్టిన ఇంట్లోనే ఉంటాడు." నాకు రెండు సీసాల తైలం ఇచ్చి ఆయనకు అందించమన్నాడు. ఒక సీసా బండిలో నా చొక్కా మీదే ఒలికింది. ధర్మవరం దాకా పెట్టెలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ధర్మవరం: మగ్గం గుంటలో

ధర్మవరంలో బజారు పొడవునా టకటకమని ఒకే చప్పుడు. ప్రతి ఇంట్లో మగ్గం ఉంది. నేల మీద గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని, నేలకు సమంగా కూర్చుని నేస్తారు. పాత మిద్దెల్లో తలుపు తప్ప వెలుతురు లేదు. అలాంటి ఇళ్ల మధ్య ఓబులేసు ఇల్లు కొత్తగా కనబడుతుంది, కానీ ఎక్కువగా కాదు. అదే ఎత్తు, అదే మట్టిరంగు. కప్పు మీద మాత్రం ఉత్తరం వైపు చూస్తూ ఒక వాలు గూడు లేచి ఉంది, దానికి అద్దం.

లోపలికి వెళ్లగానే ఆ అద్దం ఏం చేస్తుందో తెలిసింది. మగ్గం మీద పాలు పరిచినట్టు వెలుతురు. ఎండ చుక్క లేదు, నీడ చుక్క లేదు. ఓబులేసు మగ్గం మీద ఎర్రంచు చీర, దాని జరీ ఎక్కడా కంట్లో గుచ్చుకోవడం లేదు. అతని భార్య లింగమ్మ చెప్పింది: "మునుపు ఆకుపచ్చ అనుకొని నేస్తే, బయటికి తెచ్చి చూస్తే నీలం. ఇప్పుడు రంగు రంగు మాదిరి ఉండాది."

ఆ వెలుతురు ఎక్కడి నుంచి ఎక్కడ పడుతోందో చూద్దామని తల ఎత్తి, ఒక్కో అడుగు వెనక్కి వేశాను. నాలుగో అడుగుకు నేల లేదు. లింగమ్మ నేసే రెండో మగ్గం గుంటలో నడుము దాకా దిగబడ్డాను. పడుతూ పట్టుకున్నది పడుగు దారాలను. కొన్ని పోగులు టపటపా తెగిన శబ్దం వినబడింది. బజారులో చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది.

లింగమ్మ నన్ను లేవదీయలేదు. ముందు దారాలు చూసుకుంది. తర్వాత, "కండ్లు పైన పెట్టుకొని నడిస్తే అంతే అప్పా," అంది. ఎవరి పెళ్లికో నేస్తున్న చీరట అది. వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కొక్క పోగు వెతికి మెలివేసి అతకడం మొదలుపెట్టింది. నాకు ముఖం ఎత్తాలనిపించలేదు. పోగులు అందించడానికి పక్కన కూర్చున్నాను.

"ఎవురో పడినారే," అంటూ అరుగు మీద నుంచి ఒకాయన లోపలికి వచ్చాడు. మోకాళ్ల దాకా పంచె, దళసరి కళ్లద్దాలు, గోడ పట్టుకుని నడక. అడగనవసరం లేకపోయింది. నేను లేచి తైలం సీసా చేతిలో పెట్టాను. వాసన చూసి, "సాబు రెండు ఇయ్యలేదే," అన్నాడు. రెండోది నా చొక్కా మీద ఉందని చెప్పాను.

శ్రీకంఠప్ప గారిని ఏమేమో అడగాలనుకుని వెళ్లాను. కొత్త పద్ధతి గురించి, బొంబాయి గురించి. ఆయన ఒకే మాటలో తేల్చేశాడు. "కొత్త పద్ధతి ఏందప్పా. మా అవ్వ మిద్దె మీదనే మిరపకాయలు ఎండబెట్టె. బొంబాయిలో అదే మిద్దెను ఇంగ్లీషులో చెప్పినారు. ఆడ నేర్చింది ఈడ చెప్పేదానికి పదేండ్లు పట్టె." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కట్టినావా ఎప్పుడన్నా?" అని అడిగాడు.

"మా అక్కకు గీశాను."

"కారిందా?"

"కారింది."

"మళ్లా పోయినావా ఆడికి?"

"లేదు."

ఆయన ముఖంలో కోపం లేదు. "అట్లయితే నాతో ఏం మాట్లాడతావు. ఆ ఇంట్లో ఉండోళ్లతో మాట్లాడు. ఇల్లు గీసినోడు ఒక వానకన్నా ఆ ఇంట్లో ఉండాల," అన్నాడు. అంతటితో ఆ సంగతి వదిలేశాడు. నేను మాత్రం సాయంత్రం దాకా పోగులు అందిస్తూనే ఉన్నాను, దాని గురించే ఆలోచిస్తూ.

మర్నాడు పొద్దున పక్కింటి సాలమ్మ వచ్చింది. భర్త లేడు, తానే మగ్గం నడుపుతోంది. వానల ముందు పాత మిద్దె తీసి ఇలాంటి ఇల్లు వేసుకోవాలని ఆరు నెలలుగా అడుగుతోందట. "గీత నాకు కనపడటం లేదు సాలమ్మా," అని శ్రీకంఠప్ప గారు ప్రతిసారీ తిప్పి పంపుతున్నారు. ఆ రోజు ఆవిడ ఆయన్ని అడగలేదు. నన్ను చూసి అడిగింది.

"ఏమప్పా గుంటూరాయనా, నీకు గీసేది వస్తాదంట గదా?"

నేను పని మానేశానని చెప్పబోయాను. శ్రీకంఠప్ప గారు అప్పటికే, "నేను చెప్తా, నువ్వు గీయి," అంటున్నారు. ఓబులేసు చీర అంచుల పువ్వులు గీసుకునే గళ్ల కాగితం తెచ్చి ఇచ్చాడు. ఒక గడి ఒక అడుగు అనుకుని మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని చెబుతుంటే నేను గీస్తున్నాను. మగ్గం ఇక్కడ, గూడు ఇటు, పొయ్యి గాలికి ఆ మూల. సాలమ్మ నా భుజం మీదుగా చూస్తూ, "మా అత్త పడుకునే తావు?" అని ఒకసారి, "రాట్నం?" అని ఒకసారి గుర్తు చేసింది.

తలుపు గీసే చోట నా చెయ్యి ఆగింది. ఆయన చెప్పిన చోట తలుపు పెడితే, బావి నుంచి బిందె తెచ్చే దారి మగ్గం పక్కనుంచే పోతుంది. పట్టుదారం మీద నీళ్లు చిందుతాయి. నిన్న ఆ దారాలు అతకడం చూసినవాణ్ణి కదా. చెప్పాలా వద్దా అనుకుంటూనే తలుపును పక్క గోడకు జరిపి గీశాను.

పూర్తయ్యాక శ్రీకంఠప్ప గారు కాగితాన్ని కంటికి ఆనించుకుని, గడి గడికి వేలు జరుపుతూ ఇల్లంతా తిరిగారు. వేలు గోడ దగ్గర ఆగింది.

"తలుపు ఈడ పెట్టమని నేను చెప్పలేదే."

"బిందెలు మగ్గం పక్కన పోకూడదని మార్చాను."

ఆయన సాలమ్మ వైపు తిరిగి, "నువ్వు నీళ్లు యా పక్క నుంచి తెస్తావు?" అని అడిగారు. ఆవిడ చెయ్యి చూపింది, నేను జరిపిన వైపుకే. ఆయన కాగితం మడిచి ఆవిడ చేతికిచ్చారు. "ఇట్లనే కట్టించుకో," అన్నారు.

ఆ మధ్యాహ్నం రాగిసంగటి, ఎర్రటి కూర పెట్టారు. సంగటి నమలకూడదు, ముద్దకు ముద్ద మింగాలని లింగమ్మ నేర్పింది. నాకు రాలేదు. అయినా రెండు ముద్దలు తిన్నాను. బయల్దేరేటప్పుడు శ్రీకంఠప్ప గారికి నమస్కారం పెడితే, ఆయన చూపు నా మీద లేదు, పైన అద్దం వైపు ఉంది. "వెలుతురు బాగుండాదా ఇప్పుడు?" అని అడిగారు. బాగుందని చెప్పాను. "ఎట్ల బాగుండాది, చెప్పు," అన్నారు. బండికి వేళ మించిపోతున్నా, చీర మీద, లింగమ్మ చేతుల మీద, గోడ మీద అది ఎలా పడుతోందో నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఆయన తలాడిస్తూ విన్నారు.

నరసరావుపేట

నా టికెట్టు గుంటూరు దాకా ఉంది. నరసరావుపేటలో దిగిపోయాను. తలుపు బావగారే తీశారు. "వాన వచ్చేదాకా మీ ఇంట్లోనే ఉంటాను, ఎక్కడ కారుతుందో చూడాలి," అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నారు. ఆ కాస్త సందు చాలు నాకు. మా అక్క ఏమీ అడక్కుండా ఆకు వేసింది.

చైత్రంలో వచ్చిన గాలివానకు రేకుల సందుల్లోంచి నీళ్లు దిగి ఐదు చోట్ల కారింది. మిల్లుకు రాలేనని జాబు రాసేశాను. రేకులు దింపించి, సున్నం, ఇటుక ముక్కలు కలిపి కొట్టించాను. బావగారు మొదటి రెండు రోజులు దూరం నుంచి చూశారు. మూడో రోజు కరక్కాయలు తానే నానబెట్టారు. ఆషాఢం వానలకు ఒక్క మూల మాత్రం చెమ్మ కనబడింది, అదీ సరిచేశాం. ఆ మధ్య ఓబులేసు రాయించిన కార్డు వచ్చింది. సాలమ్మ గోడలు లేచాయట. దసరాకు ఇంకో మూడిళ్లకు గీయడానికి రమ్మంటున్నారు. వెళ్తున్నాను.

పోయిన వారం జోరువాన వెలిశాక, బావగారు నన్ను కప్పు మీదికి పిలిచారు. తడి ఆరుతోంది. నీళ్లన్నీ తూము దారిన పోయాయి. ఆయన ఆ మూల నుంచి ఈ మూలకు పంచె ఎగ్గట్టుకుని రెండుసార్లు నడిచి, గోడ పట్టుకుని నిలబడి, నన్ను చూడకుండానే అన్నారు:

"ఇక్కడ ఇంకో గది వేస్తే ఎలా ఉంటుందిరా?"

నేను కిందికి వెళ్లి టేపు తెచ్చాను. రెండో కొస ఆయనే పట్టుకున్నారు.